గోంగూర కాదని తేల్చిన సంఘం

దంటు కామేశ్వరం అలంకార పత్రాభివృద్ధి మండలిలో పత్రాధికారి. ఇంటిపేరు చూసి ఉద్యోగం ఇచ్చారని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు గానీ అది నిజం కాదు. అంతకుముందు అతను పనిచేసిన శాఖ పశుగ్రాసం మీద సర్వే చేస్తూ ఉండేది. సర్వే పూర్తయ్యేలోపు గ్రాసం అయిపోయింది, తర్వాత శాఖ కూడా అయిపోయింది. మిగిలిన సిబ్బందిని ఎక్కడో ఒకచోట సర్దాలి కాబట్టి కామేశ్వరాన్ని ఆకుల్లోకి సర్దారు.

మండలి పుట్టుక వెనక పెద్ద కథేమీ లేదు. పువ్వుల బొకేలు పాతబడ్డాయని, నాగరికులు ఇప్పుడు బొకే నిండా ఆకులే పెట్టుకుంటున్నారని విదేశం వెళ్ళొచ్చిన ఒక పెద్దమనిషి ఇంకొక పెద్దమనిషితో విమానంలో అన్నాడట. విమానం దిగేసరికి మండలికి అధ్యక్షుడు తయారయ్యాడు. మిగతావన్నీ ఆయన కారెక్కేలోపు తయారయ్యాయి.

మండలి వారి క్షేత్రం చిత్తూరు వైపు నల్లగుట్టపల్లెలో ఉండేది. చల్లటి గాలి, ఎర్రమట్టి, నాలుగు పక్కలా కంచె. కంచె బయట 'పత్రాధికారి కార్యాలయం' అని బోర్డు. ఆ బోర్డు చూసి జనం కుల ధ్రువీకరణ పత్రం కోసమూ, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసమూ వచ్చేవాళ్ళు. కామేశ్వరం మొదట్లో విసుక్కునేవాడు. పోనుపోను, వాళ్ళకి మండలాఫీసు దారి చెప్పి పంపడమే తాను రోజు మొత్తమ్మీద చేస్తున్న ప్రజోపయోగమైన పని అని గ్రహించి, మంచినీళ్ళిచ్చి మరీ పంపడం మొదలుపెట్టాడు.

అతని భార్య హైమవతి తెనాలిలో తెలుగు టీచరు. ఆవిడ ఉద్యోగం అక్కడ, ఈయన ఉద్యోగం ఇక్కడ. బదిలీ కోసం అతను పెట్టుకున్న అర్జీలు పైకి వెళ్ళడమే తప్ప కిందికి రావడం ఎవరూ చూడలేదు. నల్లగుట్టపల్లె మంచి ఊరే. సంగటి పెట్టేవాళ్ళు, పలకరించేవాళ్ళు. కానీ యాభై దాటిన మనిషికి మధ్యాహ్నం పూట ఎదురుగా కూర్చుని 'ఇంకో ముద్ద కలుపుకోండి' అనే మనిషి లేకపోతే, తిన్నది ఒంటబట్టదు. కామేశ్వరానికి కావలసింది అంతే. హైమవతి నూరిన గోంగూర పచ్చడి, వేడన్నం, ఎదురుగా హైమవతి. పచ్చడి ఒక్కటే అయితే జాడీలో పెట్టి బస్సులో పంపగలదు. ఆవిడ ఎదురుగా కూర్చోవడాన్ని జాడీలో పెట్టడం కుదరదు.

అటువంటి మనిషి చేతికి అలంకార మందారం విత్తనాలు వచ్చాయి.

విదేశీ పొట్లం. పువ్వు కోసం కాక ఆకు కోసం పెంచే మందారం అన్నమాట. చేతివేళ్ళలా చీలిన ఆకులు, ముదురు మెరూన్ రంగు. కొమ్మలు కోసి బొకేలో పెడితే వారాల తరబడి నిలుస్తుందనీ, ఒక్కోసారి పూలకూజాలోనే వేళ్ళు కూడా పోస్తుందనీ పొట్లం మీద రాసి ఉంది. గింజ పైపెచ్చు గట్టిది కాబట్టి కొంచెం గీరి, రాత్రంతా నానబెట్టి, ఆ తర్వాత నాటమని కూడా రాసి ఉంది.

దీనిమీద మండలి ప్రధాన శాస్త్ర సలహాదారు జంబునాథం గారు ఒక సాంకేతిక సూచన జారీ చేశారు. గింజను గీరుటకు గోళ్ళు కత్తిరించు సాధనమే శాస్త్రీయమని, సిబ్బంది అందరూ తత్కార్యమున పాల్గొనవలెనని అందులో సారాంశం. కనక ఒక రోజంతా కార్యాలయంలో అటెండరు దగ్గర్నుంచి అకౌంటెంటు దాకా నెయిల్ కట్టర్లు పట్టుకుని మందార గింజలకు గోళ్ళు తీశారు. ఆడిట్ వాళ్ళు తర్వాత వచ్చి, నెయిల్ కట్టర్లు వ్యక్తిగత సౌందర్యం కిందికి వస్తాయి కదా, మండలి సొమ్ముతో ఎలా కొన్నారని అడిగారు. సౌందర్యం గింజదే అని కామేశ్వరం జవాబు రాశాడు. తన సర్వీసులో ఆడిట్ వాళ్ళు ఒప్పుకున్న ఒకే ఒక్క జవాబు అదేనని ఆ తర్వాత చాలాకాలం అతను గర్వపడేవాడు. గర్వపడటానికి మనిషికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మొలకలు వచ్చాయి. నాలుగాకులు వేశాయి. ఎర్రగా, నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉన్నాయి. కూలీలకు మేస్త్రీ అయిన రెడ్డెమ్మ ఒక మడి దగ్గర ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఏం సార్ ఇది, గోగాకు మాదిరుండాది?"

"గోగాకు కాదమ్మా, మందారం. ఆకు కోసం పెంచే మందారం."

"మందారమైతే పువ్వు రావల్ల గదా?"

"పువ్వు రాకముందే కోసేస్తాం."

"గోగాకు గూడా అంతే గదా సార్," అని రెడ్డెమ్మ కలుపు తీయడానికి వంగింది.

కామేశ్వరం చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఒక లేతాకు తుంచి నోట్లో వేసుకున్నాడు. నాలుక మీద పులుపు పాకింది. ఆ పులుపు అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆకు నమిలి మింగి, చెయ్యి తుడుచుకుని, 'ఇది నేను తినలేదు' అని తనకు తానే ఒక మౌఖిక ఉత్తర్వు ఇచ్చుకున్నాడు.

మొక్క గుబురుగా పెరగాలంటే చిన్నప్పుడే దాని తల తుంచాలి. తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, బొకేకి అవే కావాలి. ఇది అన్ని ఆకుతోటల్లోనూ ఉన్న పద్ధతే. ఐతే తుంచిన తలలు ఏమవుతున్నాయో మొదట ఎవరూ అడగలేదు. చివరికి జంబునాథం గారే అడిగారు. ఆయన క్షేత్ర పరిశీలనకు వచ్చిన రోజు మధ్యాహ్నం, చెట్టు కింద కూలీలు అన్నాలు తింటున్నారు. సంగటి ముద్దల మీద ఎర్రటి పచ్చడి. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. కోపం వల్లనే అని ఆయన నివేదికలో రాసుకున్నారు.

విషయం అధ్యక్షుల వారి దాకా వెళ్ళింది. ఆయన కామేశ్వరాన్ని రాజధానికి పిలిపించారు.

"కామేశ్వరం గారూ, ఆహారము వేరు, అలంకారము వేరు. భుజింపదగిన వస్తువును అతిథి హస్తమునందు ఉంచినచో అది సన్మానము కాదు, సంత. రేపు ఒక విదేశీ ప్రతినిధి మన బొకే అందుకొనుచుండగా, వెనుక వరుసలో ఎవడో 'ఉల్లిపాయ ఉందా' అని అడిగినచో ఈ రాష్ట్ర ప్రతిష్ఠ ఏమగును?"

"తగ్గునండి," అన్నాడు కామేశ్వరం.

"కావున ఈ పత్రము గోంగూర కాదని తేలవలెను. తేలిన దినమే మీ బదిలీ ఉత్తర్వుపై నా సంతకము. తెనాలియే కదా?"

కామేశ్వరం గబగబా తల ఊపాడు. తిరుగు ప్రయాణంలో రైలు తెనాలి మీదుగానే వెళ్ళింది. కిటికీలోంచి చూస్తూ, ఇంకెన్నాళ్ళో లేదు అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, పక్కవాడు చూస్తుంటే నలక పడిందని చెప్పాడు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మండలి పత్రమును గోంగూర అని పిలుచుట, గోంగూరగా తలంచుట, తదనుగుణముగా వండుట నిషేధము. కామేశ్వరం దాన్ని కూలీలకు చదివి వినిపించాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. మధ్యాహ్నం మళ్ళీ పచ్చడితోనే సంగటి తిన్నారు.

"రెడ్డెమ్మా! పొద్దున కదా చదివి చెప్పాను!"

"మేము గోంగూర తినలేదు సార్. గోంగూరంటే ఏందో గూడా మాకు తెలీదు. మేము తినింది గోగాకు."

ఈ సంగతి పైకి రాస్తే, సవరణ ఉత్తర్వు వచ్చింది. గోంగూర అనగా గోగాకు, గోగుకూర, పుంటికూర, మరియు భవిష్యత్తులో ప్రజలు పెట్టబోవు ఇతర నామములు కూడా అని అర్థము చేసుకొనవలెను. ఇది కూడా చదివి వినిపించాడు. రెడ్డెమ్మ కాసేపు ఆలోచించింది.

"అట్లయితే ఊర్లో మా మడిలో ఉండే గోగాకు గూడా తినగూడదా సార్?"

"అది తినొచ్చు. ఇదే తినకూడదు."

"రెండూ ఒకటే పులుపు గదా. నోటికి ఎట్ల తెలస్తాది?"

నోటికి ఎలా తెలుస్తుందన్న ఆ ప్రశ్న మీదే మండలి ఒక సంఘం వేసింది. దాని పేరు గోంగూరేతరత్వ నిర్ధారణ సంఘం. అధ్యక్షత జంబునాథం గారు, సభ్య కార్యదర్శి కామేశ్వరం. ఆ పేరు ఫోనులో చెబితే హైమవతి చాలాసేపు నవ్వింది.

"గోంగూర పక్కన ఇతరత్వమేమిటండీ? వైరి సమాసం! ఈ ఒక్క తప్పుకే మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసెయ్యొచ్చు."

"తీసేస్తే అక్కడికే వస్తాగా," అన్నాడు కామేశ్వరం.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "రండి," అంది. ఆ ఒక్క మాట కోసం అతను ఆ సంఘానికి ఎంత సేవ చేశాడో చెబితే నమ్మరు.

మొదటి సమావేశంలో సభ్యులు ఆకును పచ్చిగా నమిలారు. పులుపు ఉందని అందరూ ఒప్పుకున్నారు. అయితే పులుపు ఒక్కటే గోంగూర లక్షణం కాదనీ, అలాగైతే చింతకాయ కూడా గోంగూరే అవుతుందనీ జంబునాథం గారు శాస్త్రం చెప్పారు. గోంగూర యొక్క స్వభావము పచ్చడియందే ప్రకటితమగును, కావున పచ్చడి చేయించి పరీక్షించవలెను అని తీర్మానమైంది. వండడానికి రెడ్డెమ్మను సాంకేతిక సహాయకురాలిగా తీసుకున్నారు. పొద్దున దొంగతనం అయిన పని సాయంత్రానికి సాంకేతికం అయ్యేసరికి ఆవిడ బుగ్గ నొక్కుకుంది.

రెండో సమావేశానికి రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో మండలి ఆకు పచ్చడి, రెండోదాంట్లో సంతలో కొన్న గోంగూర పచ్చడి. ఏది ఏదో సభ్యులకు చెప్పలేదు. ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఒక సభ్యుడు రెండూ గోంగూరే అన్నాడు, ఇంకొకాయన రెండూ కాదన్నాడు, మూడో ఆయన ఇంకొంచెం వేస్తే చెబుతానన్నాడు. కలపకుండా తినడం వల్లనే ఈ సందిగ్ధం కాబట్టి తదుపరి పరీక్ష వేడన్నంతో జరపాలని తీర్మానించారు. ఆ తర్వాత నేతితో. ఆ తర్వాత నూనెతో, పచ్చి ఉల్లిపాయతో. మాంసాహార సభ్యుల మనోభావాలు దృష్టిలో పెట్టుకుని ఆ తర్వాత మాంసంతో కూడా ఒక ఉపసంఘం వేశారు.

కామేశ్వరం తన సర్వీసులో ఎన్నో సంఘాలు చూశాడు. ఏ సంఘానికైనా సరే, సభ్యుల్ని రప్పించడానికి కాళ్ళ మీద పడాల్సి వచ్చేది. ఈ సంఘానికి మాత్రం రానివాడు లేడు. సభ్యుల కారు డ్రైవర్లు కూడా తమ అభిప్రాయం నమోదు చేయమని పట్టుబట్టారు. పక్క జిల్లానుంచి ఒకాయన, తాను సభ్యుడు కాకపోయినా శాస్త్రం మీద గౌరవంతో, ఇంటి నుంచి కంచం తెచ్చుకుని వచ్చాడు. పరీక్ష జరిగినప్పుడల్లా రెండు మళ్ళు ఖాళీ అయ్యేవి. తుంచిన తలలు చాలక కొమ్మలు కోశారు. కొమ్మలు చాలక మొక్కలు పీకారు.

ఆఖరి పరీక్ష జరిగిన రోజు కామేశ్వరం కూడా విస్తరి ముందు కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గోంగూరే. అక్షరాలా గోంగూరే. గోంగూరకి స్వయానా తోబుట్టువు. అలాగని రాస్తే తెనాలి పోయినట్టే. కాదని రాస్తే నాలుకకు ద్రోహం. ఆకుకు అందకుండా పోకకు పొందకుండా తానక్కడ కూర్చుని ఉండగా, రెండో ముద్ద మింగాక ఒక ఉపాయం తోచింది. ఈ పచ్చడి హైమవతి నూరినట్టు లేదు. రెడ్డెమ్మ వెల్లుల్లి ఎక్కువ వేసింది. మెంతులు వెయ్యలేదు. ఎదురుగా జంబునాథం గారు కూర్చున్నారు, హైమవతి కాదు. కాబట్టి తనకు తెలిసిన గోంగూరకీ దీనికీ భేదం స్పష్టంగా ఉంది. ఈ మాట నిజం. ఇంత నిజం అతను ఏ నివేదికలోనూ రాసి ఉండలేదు.

'రుచి చూడగా, సభ్య కార్యదర్శి ఎరిగిన గోంగూరకును దీనికిని భేదము సుస్పష్టము. కావున ఇది గోంగూర కాదు' అని రాసి సంతకం పెట్టాడు. సభ్యులందరూ చెయ్యి కడుక్కుని సంతకాలు పెట్టారు. కొన్ని సంతకాల మీద నూనె మరకలున్నాయి. అవి శాస్త్రీయ ఆధారాలుగా పనికొస్తాయని జంబునాథం గారు అలాగే ఉంచమన్నారు.

ఈ విజయాన్ని ప్రకటించడానికి అధ్యక్షుల వారు స్వయంగా నల్లగుట్టపల్లెకు వేంచేస్తున్నారని కబురొచ్చింది. వేదిక మీద వారికి మండలి పత్రంతో చేసిన తొలి బొకే ఇవ్వాలి. బదిలీ ఉత్తర్వు వారి చేతిసంచీలోనే ఉంటుందట. కామేశ్వరం ఉత్సాహంగా కత్తెర పట్టుకుని తోటలోకి వెళ్ళాడు. వెళ్ళి నిలబడిపోయాడు. తోటలో మట్టి ఉంది. కంచె ఉంది. 'పత్రములను ముట్టరాదు' అన్న బోర్డు ఉంది. పత్రమొక్కటీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే, ఆకులు కూడా సంఘమే తినేసింది.

జంబునాథం గారికి చెమటలు పట్టాయి. "శాస్త్రము కొన్ని త్యాగములను కోరును," అన్నారు కానీ, ఆ త్యాగం తనదై ఉంటుందని ఆయనకు కూడా అనుమానంగానే ఉంది. రెడ్డెమ్మే కాస్త ఆలోచించింది.

"సంతలో ఎర్రకాడ గోగాకు ఉండాది సార్. బారు బారు కట్టలు. రిబ్బను కడితే ఎవురికి తెలస్తాది?"

"అది గోంగూర కదమ్మా!" అన్నాడు కామేశ్వరం.

"మీరే గదా సార్, రెండింటికీ తేడా కనపడలేదని అన్ని దినాలు తినింది?"

కట్టలు తెచ్చారు. లేతకొమ్మ తల వాల్చేస్తుందని, కాడల చివర్లు కాసేపు వేడినీళ్ళలో ముంచి తీశారు. జిలుగు కాగితం చుట్టి, గులాబీ రంగు రిబ్బను కట్టారు. చూస్తుంటే బాగానే ఉంది. కామేశ్వరానికి ఆ బొకేని చూడగానే ఉల్లిపాయ గుర్తొచ్చింది. తనని తాను మందలించుకున్నాడు.

అధ్యక్షుల వారు బొకే అందుకున్నారు. ఎర్రటి కాడల్ని వెలుతురుకు పెట్టి చూశారు. వారి ముఖం వికసించింది.

"అద్భుతము! విదేశీ రకము కన్నను ఇది హృద్యముగా ఉన్నది. ఏమిది?"

జంబునాథం గారు ఆకాశం వైపు చూశారు. రెడ్డెమ్మ నేల వైపు చూసింది. అధ్యక్షుల వారి చూపు కామేశ్వరం మీద నిలిచింది. అతని చూపు వారి చేతిసంచీ మీద ఉంది. గోంగూర అంటే అంతా గంగలో కలుస్తుంది.

"స్థానిక అలంకార రకమండి," అన్నాడు.

"పేరు?"

"ఇంకా పెట్టలేదండి."

"పెట్టితిని. అరుణదండము. నేటినుండి ఇది మండలి రక్షిత పత్రము. ఇది ఎక్కడ విరివిగా లభించును?"

"గుంటూరు, తెనాలి వైపు ఎక్కువండి," అన్నాడు కామేశ్వరం. ఆ ఊరి పేరు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అక్కడి ప్రజలు దీనిని ఏమి చేయుచున్నారు?"

కామేశ్వరం గుటక మింగాడు. "నశింపజేస్తున్నారండి."

అధ్యక్షుల వారు నిట్టూర్చి, ప్రజల అజ్ఞానానికి కాసేపు విచారించి, చేతిసంచీలోంచి ఉత్తర్వు తీశారు. పత్రాధికారి అన్న మాట కొట్టేసి, అరుణదండ సంరక్షణాధికారి, కేంద్రస్థానం తెనాలి అని స్వహస్తంతో రాసి సంతకం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. కామేశ్వరం కూడా కొట్టాడు. ఏం జరిగిందో అతనికి రైలెక్కాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. జన్మంతా కోరుకున్న ఊరు ఇచ్చారు. ఆ ఊళ్ళో గోంగూర తినేవాళ్ళని పట్టుకునే పని ఇచ్చారు.

తెనాలిలో దిగిన రోజున హైమవతి గుమ్మంలోకి ఎదురొచ్చింది. సంచీ అందుకుని లోపల పెట్టింది. తర్వాత ఆవిడ ఉత్తర్వు చదివింది.

"అరుణ దండము. అరుణమైన దండము కలది. సమాసం ఈసారి కుదిరింది," అని కళ్ళద్దాలు తీసింది. "ఇంతకీ ఏం తింటారు మీరు?"

"మజ్జిగ పొయ్యి," అన్నాడు కామేశ్వరం.

ఇక ఊళ్ళో అతను బజారుకు వెళితే, ఆకుకూరలమ్మే వాళ్ళు గోంగూర కట్టల్ని కొత్తిమీర కిందికి తోసేసేవాళ్ళు. వీధిలోకి వస్తే కిటికీలు మూసుకునేవి. పరమ శత్రువుకి కూడా అటువంటి స్వాగతం వద్దనుకున్నాడు. కానీ ఉద్యోగం ఉద్యోగమే. నిబంధన ప్రకారం ఏ ఇంట్లోనైనా వండిన అరుణదండం కనిపిస్తే, దాన్ని మళ్ళీ వాడటానికి వీల్లేకుండా అధికారి అక్కడికక్కడే స్వయంగా నాశనం చెయ్యాలి. కాల్చకూడదు, పొగ కాలుష్యం. పూడ్చకూడదు, గింజ ఉంటే మొలుస్తుంది. కాలవలో కలపకూడదు, చేపలు తింటాయి. తినకూడదన్న నియమం ప్రజలకే గానీ, నాశనం చేసే అధికారికి వర్తిస్తుందని ఎక్కడా లేదు. కామేశ్వరం ఉత్తర్వును రెండుసార్లు చదివాడు. నాశనం చెయ్యడానికి మిగిలిన మార్గం ఒక్కటే కనపడింది.

మొదటి ఇల్లు పక్క వీధిలో రత్తమ్మగారిది. ముసలావిడ వణుకుతూ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. కామేశ్వరం గంభీరంగా, "వేడన్నం ఉందా?" అని అడిగాడు. ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఇంత నెయ్యి వేసింది.

కబురు పొక్కడానికి ఎంతసేపు? కిటికీలు తెరుచుకున్నాయి. తెనాలి వాళ్ళకి పెట్టడమంటే ఎంత ఇష్టమో వాళ్ళని ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "బాబూ, మా ఇంట్లోనూ నేరం జరిగిందండీ, ఎప్పుడొస్తారు?" అని ఆఫీసు ముందు వరస కట్టారు. నేరస్థులు స్వచ్ఛందంగా ముందుకు వస్తున్నారని మండలి కామేశ్వరానికి ప్రశంసాపత్రం కూడా పంపింది. రోజూ మధ్యాహ్నం అతను నాలుగైదు ఇళ్ళలో ప్రజల అజ్ఞానాన్ని నిర్మూలించి, పొట్ట పట్టుకుని ఇంటికి చేరేవాడు. హైమవతి కంచం పెట్టేది. "ఇవాళ వద్దు," అనేవాడు. ఆవిడ ఒక్కతే తినేది. ఇద్దరూ రెండు ఊళ్ళలో ఉన్నప్పుడు ఆవిడ ఎలా తినేదో, ఇప్పుడూ అలాగే తినేది. అతనికి అది తెలియకపోలేదు. చాలా తెలుసు. కానీ మర్నాడు మళ్ళీ వరస ఉండేది. తనంత పనిమంతుడైన గాడిద ఈ శాఖలో ఇంకొకటి లేదని అనుకుంటూ సంచీ తగిలించుకునేవాడు.

ఒక మంగళవారం వరస గేటు దాటి పోయింది. కామేశ్వరం తల వంచుకుని రాసుకుంటూ, ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"పేరు?"

"హైమవతి అండి."

"భర్త పేరు?"

"దంటు కామేశ్వరం."

కలం ఆగింది. కామేశ్వరం తలెత్తాడు. ఎండకు ముఖం కందిపోయి, కొంగుతో విసురుకుంటూ, భార్య నిలబడి ఉంది. బడికి సెలవు పెట్టినట్టుంది.

"నేరం?" అని అడిగాడు.

"గోంగూర పచ్చడండీ. నిన్న పొద్దున నూరాను. మెంతులు వేశాను. అధికారి గారు వీధంతా తిరుగుతున్నారు గానీ మా గడప తొక్కడం లేదు. నేను కూడా ఈ ఊళ్ళో నేరస్థురాలినే కదండీ."

"వరస ప్రకారం అయితే... శుక్రవారానికి గానీ..." అని కామేశ్వరం నసిగాడు. ఇన్నేళ్ళ సర్వీసు అతని చేత అనిపించిన మాట అది.

"సరే. నిలబడతాను," అంది హైమవతి.

ఆవిడ నిజంగానే పక్కకు జరిగి గోడవారన నిలబడింది. ఏళ్ళ తరబడి అలాగే నిలబడి ఉందని కామేశ్వరానికి అప్పుడు తట్టింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి, కలం మూత పెట్టాడు.

"ఏమయ్యా, మా సంగతేంటి మరి?" అని వెనకనుంచి రత్తమ్మగారు కేకేసింది. "నేనివాళ పులుసుకూర చేశాను!"

"మీరే తినేయండమ్మా," అన్నాడు కామేశ్వరం. "అది గోంగూర. తినడానికే ఉంది."

ఆ మాటకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అతనికి తెలియదు. గోడవారకు వెళ్ళి భార్య చేతిలోని గొడుగు అందుకుని విప్పాడు. ఇద్దరూ ఎండలో ఇంటికి నడిచారు. దారిలో ఆవిడ, ఉల్లిపాయలు ఇంట్లో ఉన్నాయో లేవో చూసుకోలేదని అంది. కొట్లో ఆగి ఉల్లిపాయలు కొనుక్కున్నారు.